ప్రాగ్‌లోని రసవాద మ్యూజియానికి పిల్లాణ్ణి తీసుకెళ్లొచ్చా?

కూకట్‌పల్లి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. దసరా సెలవుల్లో భర్త, 12 ఏళ్ల బాబు, 68 ఏళ్ల అత్తగారితో కలిసి చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్తున్నారు. అక్కడ స్పెక్యులం ఆల్కెమియే అనే చిన్న రసవాద (మామూలు లోహాల్ని బంగారం చేయాలని చూసిన పాత విద్య) మ్యూజియం ఉందని, పుస్తకాల బీరువా వెనక రహస్య మెట్లు ఉంటాయని బాబు వీడియోలో చూసి పట్టుబట్టాడు. అత్తగారేమో ‘పుర్రెలు, క్షుద్రపూజలు ఉండే చోటికి పసివాణ్ణి తీసుకెళ్తారా’ అని కోప్పడుతున్నారు. వెళ్లాలా వద్దా, వెళ్తే ముందు ఏం తెలుసుకోవాలి, బంగారం చేయడం అసలు ఎవరికైనా సాధ్యమైందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, వెళ్లండి. బాబుని తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడ పూజా లేదు, తంతూ లేదు. కాకపోతే దానికి గంటకు మించి కేటాయించకండి. గైడు చెప్పే ప్రతి మాటా చరిత్ర అనుకోకండి. అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే కిందికి దిగనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యం, విమానం ఎక్కే ముందు హైదరాబాద్‌లోనే రెండు మూడు చోట్లకు బాబుతో వెళ్లి రండి. అలా వెళ్లొస్తే ఆ మ్యూజియంలో ఉన్న కుండా, కొలిమీ వాడికి అర్థమవుతాయి. లేకపోతే బీరువా తలుపు ఒక్కటే గుర్తుండిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ముప్ఫై ఏళ్లకు పైగా నేను ఆయుర్వేద విద్యార్థులకు రసశాస్త్రం, అంటే పాదరసం, లోహాలతో మందులు చేసే శాస్త్రం చెప్పాను. చిన్న ఫార్మసీ కూడా ఉంది. భస్మాలు, సిందూరాలు చేయడమే నా పని. ఆ మ్యూజియానికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి 2018లో, ఒక ప్యాకేజీ టూర్‌తో. పొద్దున కోట, మధ్యాహ్నం వంతెన, సాయంత్రం నాలుగున్నరకు ఇది. ‘ఇరవై నిమిషాల్లో బస్సు దగ్గర ఉండాలి’ అన్నారు. ఇంగ్లీషు గైడు ఏం చెబుతోందో మాలో సగం మందికి అందలేదు, నాక్కూడా ఏమీ మిగల్లేదు. రెండోసారి 2023లో మా అమ్మాయి కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లాను. అప్పుడు వాడికి పదకొండేళ్లు. ఈసారి ముందే కొన్ని చూపించి తీసుకెళ్లాను. అదే చోటు, అదే టూరు. వాడు అడిగిన ప్రశ్నలకు గైడు ఆగి, పక్కన ఉన్న వాళ్లనీ వినమంది.

అక్కడ ఏముంటుంది?

ప్రాగ్ పాతబస్తీలో హష్టల్స్కా అనే వీధిలో ఉంది. ఓల్డ్ టౌన్ స్క్వేర్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. చూడ్డానికి చిన్న కొట్టులా ఉంటుంది, బోర్డు చూసుకోకపోతే దాటిపోతారు. పక్కనే పాత యూదుల పేట. 1893 తర్వాత ఆ పేటలో చాలా భాగం కూలగొట్టి వెడల్పు వీధులు వేశారు. ఈ ఇల్లు మిగిలిపోయింది. 2002 ఆగస్టులో వ్లతావా నదికి పెద్ద వరద వచ్చింది. మనకు 1908 మూసీ వరద ఎలాగో వాళ్లకు అది అలా గుర్తు. ఆ వరద తర్వాత బాగుచేస్తుంటే నేల కింద గదులు, సొరంగాలు బయటపడ్డాయని చెబుతారు. అవే ఇప్పుడు మ్యూజియం.

గైడు లేకుండా లోపలికి పంపరు. పై గదిలో పాత పుస్తకాలు, బొమ్మలు చూపిస్తూ కథ చెబుతారు. తర్వాత బీరువాలో ఉన్న ఒక చిన్న విగ్రహాన్ని తిప్పితే బీరువా పక్కకు జరిగి వెనక రాతి మెట్లు కనబడతాయి. పిల్లలందరూ ఒక్కసారి ‘ఓ’ అంటారు, పెద్దవాళ్లూ అంటారు. కింద వరసగా చిన్న చిన్న గదులు. ఒకచోట కొలిమి, ఒకచోట మూలికలు ఆరబెట్టే ఏర్పాటు, ఒకచోట గాజు సామాను. గోడలు పాతవి. సామాను చాలావరకు ఇప్పటి వాళ్లు పెట్టింది. ఇది దాపరికమేమీ కాదు, ఆ కాలపు పనివాడి గది ఎలా ఉండేదో చూపించడానికి అలా అమర్చారు. బాబుకి మాత్రం ముందే చెప్పి ఉంచండి.

కథకు నాయకుడు రెండో రుడాల్ఫ్ చక్రవర్తి. 1576లో గద్దెనెక్కాడు, 1583లో తన ఆస్థానాన్ని వియన్నా నుంచి ప్రాగ్‌కి మార్చాడు. ఖగోళ శాస్త్రంలో ఇంత పేరున్న టైకో బ్రాహీ, కెప్లర్ ఆయన కొలువులో పనిచేసినవాళ్లే. రసవాదులు, జ్యోతిష్కులు, రత్నాలు సానపట్టేవాళ్లు కూడా ఆయన చుట్టూ చేరారు. 1584లో ఇంగ్లండ్ నుంచి జాన్ డీ, ఎడ్వర్డ్ కెల్లీ వచ్చారు. కెల్లీ బంగారం చేసి చూపిస్తానని నమ్మించి బిరుదు కూడా పొందాడు. చివరికి 1591లో ఖైదులో పడ్డాడు. ఇంతవరకు చరిత్ర.

‘ఈ కింది గదుల్లో రుడాల్ఫ్ మనుషులే పనిచేశారు, ఈ సొరంగం నది కింద నుంచి కోట దాకా వెళ్తుంది’ అని గైడు చెప్పినప్పుడు మాత్రం, గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందని మనవాళ్లు చెప్పుకున్నట్టే వినండి. కథగా ఎంతో బాగుంటుంది. బాబు పరీక్షలో రాయకుండా చూసుకుంటే చాలు.

నేను అక్కడ నిజంగా దేన్ని చూశానంటే

కింద గదిలో కొలిమి పక్కన గాజు పాత్రలు పెట్టారు. అందరూ కొలిమి ఫొటోలు తీస్తుంటే నేను ఒక గాజు పాత్ర మెడ దగ్గర ఆగిపోయాను. ఎందుకో చెప్పాలంటే మా ఫార్మసీలో రససిందూరం అనే ఎర్రటి మందు ఎలా చేస్తామో చెప్పాలి.

కల్వంలో, అంటే మందులు నూరే రోట్లో, శుద్ధి చేసిన పాదరసం, గంధకం వేసి నూరతాం. మొదట్లో పాదరసం గుండ్లు గుండ్లుగా పారిపోతుంటుంది, గంధకం పచ్చగా అలాగే ఉంటుంది. నూరేకొద్దీ బూడిద రంగులోకి వస్తుంది, ఆ తర్వాత కాటుక నలుపు. అందుకే దాన్ని కజ్జలి అంటారు. ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య. చిటికెడు తీసి వేలిమీద నీటిచుక్కతో రుద్ది ఎండలో పట్టి చూస్తాం. మెరుపు చుక్క ఒక్కటి కనబడినా మళ్లీ కల్వం ముందు కూర్చోవాల్సిందే. రోజులు పడుతుంది.

ఆ నల్లటి పొడిని గాజు సీసాలో పోస్తాం. సీసాకు ముందే మట్టి పూసిన గుడ్డ ఏడు పొరలు చుట్టి, ప్రతి పొరా ఎండాక తర్వాతి పొర వేసి ఉంటాం. లేకపోతే వేడికి పగిలిపోతుంది. దాన్ని ఇసుక నింపిన పాత్రలో మెడ దాకా పాతి కింద సెగ పెడతాం. మంట మొదట సన్నగా, తర్వాత మధ్యస్థంగా, చివర తీవ్రంగా. కొన్ని గంటలకు సీసా మూతి దగ్గర గంధకం నీలి మంటతో మండుతుంది. మెడ మూసుకుపోకుండా ఎర్రగా కాల్చిన ఇనుప కమ్మీతో పొడుస్తూ ఉండాలి. ఒక్కసారి ఏమరుపాటుగా ఉంటే సీసా పేలుతుంది. మంట ఆరాక మూతి బిగించి, మళ్లీ సెగ పెట్టి, ఆ తర్వాత దానంతట అదే చల్లారే దాకా వదిలేస్తాం.

మర్నాడు కిరోసిన్‌లో తడిపిన నూలు దారం సీసా నడుముకి కట్టి అంటిస్తాం. దారం కాలిపోగానే తడిగుడ్డ చుడితే సీసా టక్కున రెండుగా విడిపోతుంది. అడుగున పోసింది కాటుక లాంటి నలుపు. పైన మెడలో పేరుకుని ఉండేది ముదురు ఎరుపు, పలుకులు పలుకులుగా, వెలుతురులో మెరుస్తూ. ముప్ఫై ఏళ్లలో ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఆ మెడ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

ప్రాగ్‌లో ఆ గాజు పాత్ర మెడ చూసినప్పుడు నాకు తట్టింది ఇదే. యూరప్ వాళ్లు కూడా గాజు పగలకుండా మట్టి పూసేవాళ్లు. ఆ పూతకు వాళ్లు పెట్టుకున్న లాటిన్ పేరు ‘లూటం సపియెంతియే’, అంటే జ్ఞానుల మట్టి. వాళ్ల గ్రంథాల్లో పదార్థం మొదట నల్లబడాలి, తర్వాత తెల్లబడాలి, చివరికి ఎర్రబడాలి అని ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు అది మార్మిక భాష అనుకున్నాను. కానీ సీసా పగలగొట్టిన వాడికి నలుపు ఎరుపు కావడం కళ్లతో చూసిన సంగతి. మూసిన పాత్రలో కాటుక పొడి సిందూరమైతే, సీసం బంగారం ఎందుకు కాకూడదని ఆనాటి మనిషి అనుకోవడంలో మూర్ఖత్వం ఏమీ లేదు. వాళ్ల చేతుల్లో ఉన్న సాక్ష్యం అదీ.

పాదరసం, గంధకం ఈ రెండిటి కలయిక నుంచే లోహాలన్నీ పుట్టాయని అరబ్బు రసవాదులు చెప్పారు, యూరప్ అది వాళ్ల దగ్గరే నేర్చుకుంది. మన రసగ్రంథాల్లో పాదరసం శివుడి తేజస్సు, గంధకం పార్వతికి సంబంధించింది. బాబుకి ఇంకో చిన్న సంగతి చెప్పండి. అక్కడి గోడల మీద గ్రహాల గుర్తులు కనబడతాయి. బంగారానికి సూర్యుడు, వెండికి చంద్రుడు, రాగికి శుక్రుడు, ఇనుముకి కుజుడు, తగరానికి గురుడు, సీసానికి శని. పాదరసానికి బుధుడు, ఇంగ్లీషులో ఆ రెండిటికీ మెర్క్యురీ అని ఒకే పేరు ఉండటానికి కారణం ఇదే. ఈ ఏడూ వాడు కంఠతా పెడితే అక్కడి బొమ్మల్లో సగం వాడే చదువుకుంటాడు.

వెళ్లే ముందు హైదరాబాద్‌లో చూడాల్సినవి

మొదట సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ వస్తువులు. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లండి. హుక్కా బుడ్లు, పాన్‌దాన్‌లు, నల్లటి ఒంటి మీద వెండి లతలు. అందం గురించి నేను చెప్పక్కర్లేదు. బాబుకి చెప్పాల్సింది ఏమిటంటే ఆ లోహం దాదాపు అంతా యశదం, అంటే జింక్, కాస్త రాగి కలుపుతారు. పోతపోసినప్పుడు అది తెల్లగానే ఉంటుంది. వెండి పొదిగాక బీదర్ కోట మట్టి, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) కలిపి ఉడికించిన ముద్ద పూస్తే యశదం నల్లబడుతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు. ఒకే ముద్ద, రెండు లోహాల మీద రెండు ఫలితాలు.

ఆ యశదం వెనక ఇంకా పెద్ద కథ ఉంది. ఇనుము, రాగి తీసినట్టు దాన్ని తీయలేం. సుమారు 907 డిగ్రీల దగ్గర ఆవిరై లేచిపోతుంది, గాలి తగిలితే తెల్లటి బూడిద అయిపోతుంది. మూత బిగించిన మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో కాల్చి, ఆ ఆవిరిని కిందికి దించి చల్లార్చాలి. మన పాత రసగ్రంథం రసరత్నసముచ్చయంలో ఈ పద్ధతి ఉంది. రాజస్థాన్‌లోని జావర్‌లో దీన్ని కొలిమి వెనక కొలిమిగా పరిశ్రమలా నడిపారు, ఆ మూసలు, కొలుములు తవ్వకాల్లో దొరికాయి. యూరప్‌లో ఈ పనికి పేటెంట్ తీసుకున్నది బ్రిస్టల్‌కు చెందిన విలియం ఛాంపియన్, 1738లో. రసవాదులు బంగారం చేయలేదు, కానీ యశదాన్ని పట్టుకున్నారు. సాలార్‌జంగ్‌లో ఆ హుక్కా బుడ్డి ముందు నిలబడి ఇది చెబితే పన్నెండేళ్ల పిల్లాడికి ఎక్కుతుంది. మా మనవడికి ఎక్కింది.

రెండోది చార్మినార్ గల్లీలు. స్వీట్ల మీద అంటించే వెండి వరఖ్‌ని చేత్తో కొట్టేవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వెండి ముక్కల్ని అట్టల మధ్య పెట్టి సుత్తితో గంటల తరబడి కొడతారు. ఆ చప్పుడు వినబడితే ఆగి, సలాం చెప్పి, చూడొచ్చా అని అడగండి, వద్దనరు. లోహం ఊపిరికి ఎగిరిపోయేంత పల్చనవడం వాడు దగ్గరగా చూడాలి. పక్కనే కంసాలి దగ్గర గీటురాయి మీద బంగారం గీసి చూపించమనండి. మూస, పటకారు, ఊదుగొట్టం, వెలిగారం, ఇవన్నీ ప్రాగ్ గదిలో వేరే ఆకారంలో మళ్లీ కనబడతాయి. పాతబస్తీలో యునానీ హకీములు చేసే కుష్తాలు మా భస్మాలకు చుట్టాలే. రసవాదానికి ఉర్దూలో ఉన్న మాట కీమియా. ఇంగ్లీషు ఆల్కెమీ, కెమిస్ట్రీ రెండూ ఆ అరబ్బీ మాట నుంచి వచ్చినవే.

మూడోది, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర గడ్డిఅన్నారంలో ఉన్న జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ. 1956లో విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాలలో ఒక విభాగంగా మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చింది. అందులో వైద్య చరిత్ర మీద చిన్న మ్యూజియం, మంచి గ్రంథాలయం ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ కాబట్టి పనిరోజుల్లో, ముందు ఫోన్ చేసి వెళ్లండి. మన నగరంలో దీని సంగతి తెలిసినవాళ్లు ఎంత తక్కువో తలచుకుంటే బాధగా ఉంటుంది.

నాగార్జునకొండకు వెళ్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. తప్పకుండా వెళ్లండి, కానీ రసవాదం కోసం కాదు. అక్కడి మ్యూజియం ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధ శిల్పాలది. బౌద్ధంలో మాధ్యమిక తత్వం చెప్పిన ఆచార్య నాగార్జునుడు వేరు, రసగ్రంథాల్లో కనిపించే సిద్ధ నాగార్జునుడు వేరు, ఇద్దరి మధ్య శతాబ్దాల ఎడం ఉంది. పేరు ఒకటే కావడంతో కథలు కలిసిపోయాయి.

అత్తగారికి ఏం చెప్పాలి

పెద్దావిడ భయాన్ని కొట్టిపారేయకండి. ఆమె పుర్రెల గురించి విన్నది బహుశా కుట్నా హోరా పక్కన సెడ్లెత్స్‌లో ఉన్న అస్థికల చర్చి గురించి. ప్రాగ్ నుంచి అక్కడికి రైలులో గంట ప్రయాణం. అక్కడ వేలమంది ఎముకలు పేర్చి ఉంటాయి, నిజం. అది చర్చి స్మశానం, రసవాదానికి సంబంధం లేదు. ఆమెకు ఇబ్బందిగా ఉంటే ఆ ఊరు మీ ప్లాన్‌లోంచి తీసేయండి. ఈ మ్యూజియంలో అలంకారానికి పెట్టిన పుర్రె ఒకటో రెండో కనబడవచ్చు, అంతే.

ఆమెకు వేమన కథ తెలిసే ఉంటుంది, అది గుర్తుచేయండి. యోగి కాకముందు వేమన బంగారం చేసే విద్య వెంట పడ్డాడని, కంసాలి అభిరామయ్యతో స్నేహం చేశాడని మన పెద్దలు చెప్పుకుంటారు కదా. కొండవీటి రెడ్డిరాజుల పేర్లలో ‘వేమ’ అన్న మాట ఎలా చేరిందో చెప్పే కథలో కూడా శ్రీశైలం నుంచి తెచ్చిన పరుసవేది ఉంటుంది. నిత్యనాథ సిద్ధుడు రాసిన రసరత్నాకరంలో శ్రీపర్వతం మీద ఏ గుహలో, ఏ చెట్టు కింద ఏ సిద్ధి దొరుకుతుందో ప్రత్యేకంగా చెప్పారు. శ్రీశైలం గుడి ప్రాకారం గోడ చుట్టూ తిరిగితే సిద్ధుల శిల్పాలు ఇప్పటికీ కనబడతాయి. ‘అత్తయ్యా, మన మల్లన్న కొండ మీద సిద్ధులు చేసిందే వాళ్లూ వాళ్ల పద్ధతిలో చేశారట’ అని మెల్లగా చెప్పి చూడండి. నా భార్య కూడా మొదట అలాగే భయపడింది. శ్రీశైలం మాట చెప్పాక మెత్తబడింది.

బంగారం సంగతి

సీసాన్నో రాగినో కొలిమిలో పెట్టి బంగారం చేసినవాడు ఎవడూ లేడు. అది రసాయన చర్యతో అయ్యే పని కాదు, పరమాణువు కేంద్రకమే మారాలి. 1980లో కాలిఫోర్నియాలో గ్లెన్ సీబోర్గ్ బృందం బిస్మత్ అనే లోహాన్ని యాక్సిలరేటర్‌లో, అంటే కణాల్ని మహా వేగంగా తోసే యంత్రంలో కొట్టి కాసిని బంగారు పరమాణువులు చేసింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో సీసం కేంద్రకాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయినప్పుడు బంగారం పుడుతోందని 2025లో ప్రకటించారు. 2015 నుంచి 2018 వరకు పుట్టినదంతా కలిపితే 29 పికోగ్రాములు, పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. బాబుకి ఆ లెక్క వేయమనండి, గ్రాము కావాలంటే ఎన్నేళ్లు పడుతుందో.

మరి పాత రోజుల్లో రాజుల కళ్లెదుటే బంగారం ఎలా తీశారు? జోఫ్రవా అనే ఫ్రెంచి రసాయనవేత్త 1722లో పారిస్ అకాడమీ ముందు ఆ మోసాలన్నీ విడమరిచి చెప్పాడు. మూసకు రెండు అడుగులు పెట్టి మధ్యలో బంగారం దాచడం. కలిపే కర్రను తొలిచి లోపల బంగారు పొడి పోసి మైనంతో మూయడం, వేడికి మైనం కరిగి పొడి కిందికి దిగుతుంది. సగం ఇనుము, సగం బంగారం ఉన్న మేకుకు మొత్తం ఇనుము రంగు వేసి, ద్రవంలో ముంచి రంగు పోగొట్టడం.

ఈ కర్ర ట్రిక్కు విన్నప్పుడల్లా నాకు మా బంధువు ఒకాయన గుర్తొస్తాడు. రైస్ పుల్లింగ్ చెంబు అని, బియ్యాన్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని నమ్మి, ఉప్పల్‌లో ఉన్న స్థలం అమ్మి ఇచ్చాడు. చెంబుకి లోపల అయస్కాంతం, బియ్యానికి ఇనుప పొడి. రిటైరైన మనిషి, చదువుకున్న మనిషి. ఆ డబ్బు మళ్లీ రాలేదు. అందుకే ప్రాగ్‌లో గైడు కెల్లీ కథ చెప్పినప్పుడు, ఆ మోసం ఎలా చేశారో బాబుకి తెలిసి ఉండాలని నా పట్టుదల. గుప్తనిధులు, రెండుతలల పాము, రైస్ పుల్లింగ్ ఇవన్నీ మన చుట్టూ ఉన్నాయి. వాడికి అప్పుడే తెలియాలి.

అయితే అందరూ కెల్లీలు కాదు. హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాంట్ 1669లో బంగారం కోసం మూత్రాన్ని మరిగించి మరిగించి చీకట్లో వెలిగే ఫాస్ఫరస్ కనుక్కున్నాడు. బంగారం చేస్తానన్న బ్యోట్గర్‌ని సాక్సనీ పాలకుడు నిర్బంధించి పనిచేయిస్తే, 1708 ప్రాంతంలో ఆయన చేతిలో తెల్లటి పింగాణీ తయారైంది. మైసెన్ పింగాణీ అలా మొదలైంది. మీకు ఒక రోజు మిగిలితే ప్రాగ్ నుంచి డ్రెస్డెన్‌కి రైలులో వెళ్లి చూసి రావచ్చు.

ఇక వెళ్లేటప్పుడు

టైము ముందే బుక్ చేసుకోండి, ఇంగ్లీషు టూర్ ఎన్నింటికో చూసుకోండి. గుంపు చిన్నది, గది ఇంకా చిన్నది. మెట్లు ఇరుకు, కప్పు కింద తలలు వంచాలి. ఊపిరి ఆడనట్టు అనిపించే మనస్తత్వం ఉన్నవాళ్లు దిగొద్దు. అత్తగారు, ఆవిడకు తోడుగా ఒకరు పైన కొట్టులోనో, పక్కన కాఫీ హోటల్లోనో కూర్చోవచ్చు. లోపల చలిగా, తేమగా ఉంటుంది, ఒక స్వెటర్ ఉంచుకోండి.

బయటికి వచ్చే దారిలో యవ్వనం, జ్ఞాపకశక్తి, ప్రేమ అంటూ చిన్న సీసాల్లో అమృతాలు అమ్ముతారు. జ్ఞాపకంగా కొనుక్కుంటే కొనుక్కోండి. మందుగా మాత్రం వాడకండి, పిల్లాడికి అసలు పట్టకండి. ఆల్కహాల్ ఉందేమో లేబుల్ చూడండి. చేతి బ్యాగులో పెట్టుకుని విమానం ఎక్కాలంటే ద్రవాల నియమం ముందే చూసుకోండి.

కోటలో గోల్డెన్ లేన్ అనే సందు చూపించి ఇక్కడే రసవాదులు ఉండేవాళ్లు అంటారు. ఆ చిన్న ఇళ్లు కోట కాపలా తుపాకీ సైనికులకు కట్టినవి, తర్వాత కంసాలులు ఉన్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, రద్దీ మాత్రం భరించాలి.

వైద్యుడిగా ఒక హెచ్చరిక. ఇది చూసొచ్చాక పిల్లలకు పాదరసం మీద మోజు పుడుతుంది. మా కాలనీలో ఒకబ్బాయి పగిలిన థర్మామీటర్‌లోని పాదరసాన్ని గరిటెలో వేసి స్టవ్ మీద పెట్టాడు. దాని ఆవిరికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే దాకా తెలియదు. వాళ్లమ్మ సమయానికి చూసి స్టవ్ ఆపి, తలుపులు కిటికీలు తెరిచి అందరినీ బయటికి తీసుకొచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంట్లో పాత థర్మామీటర్ ఉంటే వాడికి అందకుండా పెట్టండి. అలాగే ఎవరో ఇచ్చారని ఊరూపేరూ లేని భస్మాలు ఇంట్లో ఎవరూ వాడొద్దు. సరిగ్గా చేయని భస్మం విషమే. ఈ మాట ఆ పని చేసేవాడిగానే చెబుతున్నాను.

మీ ప్రయాణం దసరాకి అన్నారు కాబట్టి ఇంకా టైముంది. వచ్చే నెల రెండో వారంలో మేం రససిందూరం సీసా ఎక్కిస్తున్నాం. మంట దగ్గరికి పిల్లల్ని రానివ్వను. కానీ మర్నాడు చల్లారాక సీసాకు దారం కట్టే టైముకి బాబుని తీసుకురండి, మాస్కు పెట్టి కాస్త దూరంగా నిలబెడతాను. సీసా విడిపోయాక మెడలో ఆ ఎరుపు వాడు చూడొచ్చు. తేదీ ఖాయమవగానే ఇక్కడే రాస్తాను.